పొయ్యి వెలిగించకుండా పాడ్ థాయ్, సోమ్ తామ్, కిమ్చీ: ఊట పట్టుకోవడం ఎలా

"పచ్చి కూరగాయలతో థాయ్‌లాండ్ నూడుల్స్ వంటకం పాడ్ థాయ్ చేశాం. కలిపినప్పుడు బాగానే ఉంది. తినడానికి కూర్చునేసరికి పళ్లెం అడుగున నీళ్లు తేలాయి. ఏం తప్పు చేశాం?" రా వీగన్ వంట (మాంసం, గుడ్లు, పాలు లేకుండా, పొయ్యి మీద ఉడికించకుండా చేసేది) మొదలుపెట్టిన వాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇదే. సాస్ పాళ్లు మార్చి చూస్తారు, చింతపండు పెంచుతారు, అయినా అదే తంతు. లోపం సాస్‌లో లేదు, ఊటలో ఉంది.

పొయ్యి మీద బాణలిలో వేయిస్తే కూరగాయల నీరు ఆవిరైపోతుంది. నిప్పు లేనప్పుడు ఆ నీటిని మనమే దారికి తెచ్చుకోవాలి. ఉప్పు, పులుపు తగిలిన ఏ కూర ముక్కయినా ఊరుతుంది. మాగాయకు మామిడి ముక్కలు ఊరేసే ఇళ్లలో ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. కింద ఉన్న వంటల్లో ఒక్కోదాని ఊటతో ఒక్కోలా వ్యవహరించాలి: పాడ్ థాయ్‌లో దాన్ని ముందే పిండేసి పారబోయాలి, సోమ్ తామ్‌లో (పచ్చి బొప్పాయి సలాడ్) ఊరేలోపే తినేయాలి, కిమ్చీలో (కొరియా వాళ్ల పులియబెట్టిన క్యాబేజీ) దాన్నే జాడీలో నిలబెట్టాలి. ఇది గుర్తుంటే మిగతాది చేతిపని.

"పచ్చి" అంటే ఎంతవరకు

రా వంటలో సాధారణంగా 46–48 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. ఆ గీతను నిష్ఠగా పాటించేవాళ్లు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. సోయా సాస్ ఉడికించిన సోయాతో తయారయ్యేది, పైగా మామూలు రకాల్లో గోధుమ ఉంటుంది. బెల్లం, తాటిబెల్లం కాచినవే. వియత్నాం రోల్స్‌కు వాడే బియ్యపు రేకులు ఆవిరి మీద ఉడికించి ఎండబెట్టినవి. జీడిపప్పు పలాసదైనా మరెక్కడిదైనా, పొట్టు తీయడానికి ముందు గింజను ఉడికిస్తారు లేదా కాలుస్తారు, ఎందుకంటే పెంకులోని జీడి ఒళ్లు పొక్కిస్తుంది. ప్యాకెట్ మీద "రా" అని ఉన్నంత మాత్రాన అది పచ్చిది కాదు. పచ్చి జీడిగింజలు తెచ్చి ఇంట్లో కొట్టే ప్రయోగం మాత్రం చేయకండి.

అంత నిష్ఠ అక్కర్లేదు, వీగన్‌గా ఉండి ఎక్కువ భాగం పచ్చిగా ఉంటే చాలనుకుంటే సోయా సాస్, బెల్లం నిరభ్యంతరంగా వాడుకోండి. రుచి సులువుగా కుదురుతుంది. ఇక్కడ మాత్రం రెండూ లేకుండానే చెబుతున్నాం.

పచ్చిగా తినకూడనివి

ఆసియా వంటల్లో కనిపించేవన్నీ పచ్చిగా పనికిరావు. వెదురు మొలకల్లో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి, ఉడికించాల్సిందే. చామదుంప గొంతు దురద పెట్టిస్తుంది. కర్రపెండలం కూడా పచ్చిగా వద్దు. రాజ్మా మొలకెత్తించినా సరే, పచ్చిగా తింటే వాంతులు, విరేచనాలు ఖాయం. షిటాకే పుట్టగొడుగులు పచ్చిగా తిన్న కొందరికి ఒంటి మీద కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చారల దద్దుర్లు వస్తాయి. ఎండినవి నానబెట్టినంత మాత్రాన ఉడికినట్టు కాదు.

జుకినీ (కీర దోసలా కనిపించే గుమ్మడి జాతి కాయ), కీర దోస, సొరకాయ వాడేముందు తొడిమ వైపు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. "కాస్త చేదే కదా, సాస్‌లో కలిసిపోతుంది" అనుకోవద్దు. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు ఎక్కువైతే ఆసుపత్రి పాలు చేస్తాయి.

గర్భిణులు పచ్చి బొప్పాయి, పచ్చి మొలకలు రెండూ మానేయాలి. చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లు కూడా పచ్చి మొలకల జోలికి పోకూడదు. మొలకలకు కావలసిన వెచ్చదనం, తడి సాల్మొనెల్లా లాంటి బాక్టీరియాకూ అనుకూలమే. వాళ్ల వాటా మొలకలను మరిగే నీళ్లలో వేసి బాగా ఉడకనిచ్చి విడిగా కలపండి. అది రా కాదు, కానీ అక్కడ నియమం కన్నా మనిషి ముఖ్యం.

కడగడం

ఉప్పునీళ్లలో నానబెడితే క్యాలీఫ్లవర్‌లోని పురుగులు బయటికి వస్తాయి, సూక్ష్మజీవులు చావవు. వెనిగర్ నీళ్లు కొంత మేలు చేస్తాయి గానీ ఆకును అంటుకున్న పరాన్నజీవుల గుడ్లను నమ్మకంగా చంపవు. అందుకని క్యాబేజీ పై రేకులు రెండు మూడు తీసేసి, మిగతా రేకులు ఒక్కొక్కటిగా విడదీసి ధారగా పారే నీటి కింద రుద్ది కడగండి. కొత్తిమీర, పుదీనా వేళ్లు కోసి పారేశాక రెండు మూడుసార్లు నీళ్లు మార్చండి. ఆఖరి కడుగుడు తాగే నీటితోనే. ఆపై పొడి గుడ్డ మీద పరిచి ఆరనివ్వండి. తడి ఆకు వేస్తే పళ్లెంలో నీళ్లకు మనమే నీళ్లు జోడించినట్టు.

దగ్గర ఉండాల్సినవి

- మిక్సీ, చిన్న జార్‌తో. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కుతుంది, 15–20 సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పండి.
- పోగులు తీసే పీలర్ లేదా స్పైరలైజర్. ఏదీ లేకపోతే మామూలు పీలర్‌తో పొడవాటి రిబ్బన్లు తీసి కత్తితో సన్నగా చీల్చండి.
- పలుచటి నూలు గుడ్డ, పిండడానికి.
- వంటింటి తూకం. పాళ్లు గ్రాముల్లో ఇచ్చాం, చెంచాలతో ఉప్పు కొలిస్తే కల్లుప్పుకు, మెత్తుప్పుకు చాలా తేడా వస్తుంది.
- రోలు. సోమ్ తామ్‌కు మాత్రమే.
- మూత ఉన్న ఒకటిన్నర లీటరు గాజు సీసా, కిమ్చీకి.

ముందుగా: చేపసాస్ బదులు ఒరుగుల నీళ్లు

థాయ్, వియత్నాం వంటల్లో ఉప్పదనమంతా చేపసాస్ నుంచే వస్తుంది. వట్టి ఉప్పు వేస్తే ఉప్పగా ఉంటుంది తప్ప నోట్లో నిలిచే ఆ రుచి రాదు. సముద్రపు నాచు వాడమని చాలామంది చెబుతారు. మంచిదే. కానీ కెల్ప్ జాతి నాచులో అయోడిన్ విపరీతంగా ఉంటుంది, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు జాగ్రత్త. హిజికి అనే నల్ల నాచులో ఆర్సెనిక్ ఎక్కువ, అది అసలు కొనొద్దు. మనకు అందుబాటులో ఉన్న మార్గం టమాటా ఒరుగులు. ఎండిన టమాటాలో ఆ రుచినిచ్చే గ్లుటమేట్ చిక్కబడి ఉంటుంది.

1. ఉప్పు వేయకుండా ఎండబెట్టిన టమాటా ఒరుగులు 20 గ్రాములు చిన్న ముక్కలు చేయండి.
2. 200 మిల్లీలీటర్ల తాగే నీళ్లలో 25 గ్రాముల ఉప్పు కరిగించి అందులో వేయండి.
3. ఫ్రిజ్‌లో 12 గంటలు ఉంచి, గుడ్డలో వడకట్టి గట్టిగా పిండండి.

సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం రోజులు వాడుకోవచ్చు. చేపసాస్‌లో ఉప్పు దీనికి దాదాపు రెట్టింపు ఉంటుంది, కాబట్టి వేరే వంటకాల్లో ఒక చెంచా చేపసాస్ అని రాసి ఉన్నచోట ఇది రెండు చెంచాలు పోయండి. పచ్చడికని ఉప్పులో ఊరేసి ఎండబెట్టిన ఒరుగులైతే నీళ్లలో ఉప్పు సగానికి తగ్గించి, రుచి చూసి పెంచుకోండి. పిండగా మిగిలిన పిప్పి పారేయకండి, కిమ్చీ ముద్దలో పనికొస్తుంది.

పాడ్ థాయ్ (ఇద్దరికి)

పాడ్ థాయ్‌ను థాయ్‌లాండ్ జాతీయ వంటకంగా ప్రచారంలోకి తెచ్చింది 1930ల చివర్లో ప్రధాని అయిన ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ ప్రభుత్వం. అది బాణలిలో పెద్దమంట మీద వేయించే బియ్యపు నూడుల్స్. ఆ మాడు వాసన పచ్చి వంటలో రాదు, దానికోసం చూడొద్దు. దక్కించుకోగలిగింది చింతపండు పులుపు, తీపి, ఉప్పుల సమతూకం, పైన కరకరలాడే పల్లీలు.

కావలసినవి:

- నూడుల్స్‌కు: జుకినీ 400 గ్రాములు. లేదా తొక్క తీసిన బొప్పాయి కాయ 300 గ్రాములు. లేదా మూడు నాలుగు బోండాల లేత కొబ్బరి
- క్యారెట్ 1, పెసర మొలకలు 100 గ్రాములు, ఉల్లికాడలు 4, కొత్తిమీర గుప్పెడు
- పచ్చి పల్లీలు 70 గ్రాములు (సాస్‌కు 30, పైన చల్లడానికి 40)
- గింజ తీసిన చింతపండు 25 గ్రాములు, గింజ తీసిన మెత్తటి ఖర్జూరాలు 50 గ్రాములు
- ఒరుగుల నీళ్లు 2 టేబుల్ స్పూన్లు, ఎండుమిర్చి 2, వెల్లుల్లి 1 రెబ్బ, అంగుళం అల్లం
- నిమ్మకాయ 1, ఉప్పు

నూడుల్స్‌కు ఏది మంచిదని అడిగితే మా ఓటు లేత కొబ్బరికే. బియ్యపు నూడుల్స్ సాగుడు, తెల్లదనం దానికే దగ్గర. బోండాలవాణ్ని "కొబ్బరి పట్టినవి" అడగండి. చెంచాకు జారిపోయే మీగడ పనికిరాదు, 3–4 మిల్లీమీటర్ల మందం ఉండి వంచితే విరగకుండా వంగాలి. పెద్ద రేకులుగా తీసి అర సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా కోయండి. దీనికి ఉప్పు రాయడం, పిండడం అక్కర్లేదు. ఖరీదు ఎక్కువనుకుంటే సగం కొబ్బరి, సగం బొప్పాయి కలపండి. సొరకాయతో కూడా చేయొచ్చంటారు గానీ ఊట ఎక్కువ, పీచు ఎక్కువ, మేం సిఫారసు చేయం.

1. ముందురోజు రాత్రి పల్లీలు ఏరండి. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు వాసన ఉన్నవి తీసేయండి. బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ కడిగితే పోదు. మంచివి 8 గంటలు నానబెట్టి, రెండుసార్లు కడగండి. 30 గ్రాముల వంతు సాస్‌కు పక్కన పెట్టి, మిగతావి పలుచటి గుడ్డ కప్పి ఎండలో పూర్తిగా ఎండనివ్వండి. నడి వేసవిలో డాబా నేల మీద నేరుగా పెడితే 48 డిగ్రీలు దాటిపోతుంది, మంచం మీదో బల్ల మీదో పెట్టండి. పచ్చి వాసన తగ్గుతుంది కానీ వేయించిన పల్లీ వాసన రాదు. అదే కావాలంటే వేయించుకోండి, వంట చెడిపోదు.

2. చింతపండు 100 మిల్లీలీటర్ల మామూలు నీళ్లలో గంట నానబెట్టి పిసికి గుజ్జు తీయండి. వేణ్ణీళ్లు లేవు కాబట్టి అరగంటలో నానదు. పాత నల్ల చింతపండు వేస్తే సాస్ నల్లగా వస్తుంది, కొత్తదైతే ఇటుక రంగులో ఉంటుంది. ఖర్జూరాలు, ఎండుమిర్చి విడిగా నానబెట్టండి.

3. పోగులు తీయండి. జుకినీ మధ్యలో గింజల భాగం వదిలేయండి, ఊటలో సగం అక్కడిదే. బొప్పాయి అయితే చెక్కు తీశాక పాలు కారతాయి. నీళ్లలో పది నిమిషాలు వేసి కడిగి, తుడిచి పోగులు తీయండి. చేతికి దురద వచ్చేవాళ్లు కొబ్బరినూనె రాసుకోవచ్చు.

4. ఉప్పు రాయండి. 400 గ్రాములకు 3–4 గ్రాములు, అంటే అర టీ స్పూను మెత్తుప్పు. మెల్లగా కలిపి చిల్లుల గిన్నెలో 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత గుడ్డలో వేసి రెండు చేతులతో మెలిపెట్టి పిండండి. పోగులు తెగుతాయేమోనని భయపడి ఇక్కడ చెయ్యి వెనక్కి తీస్తేనే పళ్లెంలో చెరువు తయారవుతుంది. *సరిచూసుకోండి:* 400 గ్రాముల జుకినీ పిండాక 300 గ్రాముల దగ్గరకు రావాలి. 350 ఉంటే మరో పది నిమిషాలు ఆగి మళ్లీ పిండండి. ఒక పోగు వేలికి చుట్టి చూడండి, విరగకుండా చుట్టుకోవాలి. నోట్లో వేసుకుంటే ఉప్పు కాస్త తెలియాలి, ఎక్కువైతే ఒకసారి కడిగి మళ్లీ పిండండి.

5. సాస్. నానిన పల్లీలు, ఖర్జూరాలు, మిర్చి, వెల్లుల్లి, అల్లం ముందు బరకగా తిప్పి, తర్వాత చింతపండు గుజ్జు, ఒరుగుల నీళ్లు పోసి మెత్తగా చేయండి. ఖర్జూరం నానిన నీళ్లు అందుబాటులో ఉన్నాయి కదా అని పోసేయొద్దు. అసలు పాడ్ థాయ్ సాస్‌లో పల్లీ ముద్ద ఉండదు. ఇక్కడ వేస్తున్నది రుచి కోసం కాదు, పొయ్యి మీద దగ్గరపడే సాస్‌ను పచ్చిగా చిక్కబరచడానికి. *సరిచూసుకోండి:* గరిటె వెనక పూతలా పట్టాలి, వేలితో గీత గీస్తే ఆ గీత మూసుకుపోకూడదు. ఇడ్లీ పిండి జారు అనుకోండి. విడిగా నాలుక మీద వేసుకుంటే పులుపు, ఉప్పు "అబ్బో, ఎక్కువైంది" అనిపించాలి. విడిగా తిన్నప్పుడు చక్కగా ఉందంటే కలిపాక చప్పబడుతుంది.

6. కలపండి. పెద్ద వెడల్పు గిన్నెలో నూడుల్స్, క్యారెట్ పోగులు, ముప్పావు వంతు మొలకలు, ఉల్లికాడలు వేసి, సాస్ మూడు వంతుల్లో రెండు వంతులే వేసి చేత్తో కలపండి. రుచి చూసి మిగతాది. పైన మొలకలు, కొత్తిమీర, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు. నిమ్మ చెక్క పక్కన పెట్టండి, ముందే పిండొద్దు.

7. వెంటనే తినండి. పావుగంటకు పళ్లెం అడుగున ఒక చెంచా నీరు కనిపిస్తే పర్వాలేదు. అంతకు మించి తేలితే నాలుగో అంచెలో తొందరపడ్డారు. అప్పటికే కలిపేసి ఉంటే చిల్లుల గిన్నెలోకి వంచి, దిగిన నీళ్లు పారబోసి, మిగిల్చుకున్న సాస్ వేసి కలపండి. సాస్ అంతా ఒకేసారి పోయొద్దన్నది అందుకే.

మొలకల గురించి ఒక మాట. థాయ్ వాళ్లవి వేలంత పొడుగు, మనం సాధారణంగా తినేవి మూతి తెరిచిన పెసలు. పొడుగువి కావాలంటే 60 గ్రాముల పెసలు రాత్రంతా నానబెట్టి, చిల్లుల గిన్నెలో తడిగుడ్డ మీద పరిచి, పైన ఇంకో తడిగుడ్డ, దాని మీద అరకిలో బరువున్న పళ్లెం పెట్టండి. పూర్తి చీకట్లో, రోజుకు ఐదారుసార్లు నీళ్లు పోసి వార్చుతూ నాలుగు రోజులు. బరువు వల్ల లావుగా పెరుగుతాయి, వెలుతురు తగిలితే ఆకుపచ్చబడి చేదెక్కుతాయి. ఎండాకాలంలో నీళ్లు తప్పితే జిగురు పడతాయి. జిగురు, పుల్లటి వాసన ఏది వచ్చినా మొత్తం పారేయండి.

సోమ్ తామ్

ఇది ఎలాగూ పచ్చి వంటే. లావోస్‌ది, థాయ్‌లాండ్ ఈశాన్యంలోని ఈసాన్ ప్రాంతానిది. ఎండు రొయ్యలు, చేపసాస్ తీసేస్తే వీగన్ అయిపోతుంది. మట్టి రోలు, కర్ర రోకలితో చేస్తారు. ఇంట్లో రాతి రోలుంటే చాలు, కానీ చెయ్యి తేలిగ్గా పడాలి. మిక్సీలో తిప్పితే వచ్చేది బొప్పాయి పచ్చడి.

ఇద్దరికి: బొప్పాయి పోగులు 250 గ్రాములు, బొబ్బర్ల కాయలు 3, గట్టి టమాటాలు 2, వెల్లుల్లి 3 రెబ్బలు, పచ్చిమిర్చి 3, నానబెట్టి నూరిన ఖర్జూరం ముద్ద ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, నిమ్మరసం 2 టేబుల్ స్పూన్లు, ఒరుగుల నీళ్లు 2 టేబుల్ స్పూన్లు, పల్లీలు 2 టేబుల్ స్పూన్లు.

1. కాయ కోసినప్పుడు లోపలి గింజలు తెల్లగా, కండ తెల్లగా లేదా లేత ఆకుపచ్చగా ఉండాలి. నారింజ రంగు తిరిగితే మెత్తబడుతుంది, కూరకు వాడుకోండి.
2. పోగులను ఐసు నీళ్లలో పది నిమిషాలు వేసి, తీసి, బాగా ఆరనివ్వండి. ఇక్కడ ఉప్పు రాయకూడదు, పిండకూడదు. కరకరలే ఈ వంటకు ప్రాణం.
3. రోట్లో వెల్లుల్లి, మిర్చి నలపండి. బొబ్బర్ల కాయలు రెండంగుళాల ముక్కలు చేసి, పగిలేలా రెండు దెబ్బలు. తర్వాత టమాటా, రసం కారేంత మాత్రమే.
4. ఖర్జూరం ముద్ద, నిమ్మరసం, ఒరుగుల నీళ్లు కలిపి రుచి చూడండి. పులుపు, కారం, ఉప్పు ముందుండి, తీపి వెనక ఉండాలి.
5. బొప్పాయి వేసి ఒక చేత్తో గరిటెతో పైకి తిప్పుతూ ఇంకో చేత్తో రోకలిని తేలిగ్గా ఆనించండి. ఇరవై దెబ్బలు చాలు. పోగులు నలిగి రసం పట్టాలి, తెగకూడదు.
6. పల్లీలు చల్లి పది నిమిషాల్లో తినేయండి.

బొప్పాయి దొరకనప్పుడు పుల్లటి పచ్చిమామిడి పోగులు వేసి నిమ్మరసం సగానికి తగ్గించండి. కీర దోసతో కూడా బాగుంటుంది, గింజల భాగం తీసేస్తే.

రోల్స్, ఆకు చుట్టలు

బియ్యపు రేకు బదులు క్యాబేజీ రేకు వాడితే చుట్టేటప్పుడు పటుక్కున విరుగుతుంది. చిట్కా: కడిగిన రేకులను డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా గడ్డకట్టించి, బయట పెట్టి కరగనివ్వండి. ఉడికించినదానిలా వంగుతాయి. నీళ్లు తుడిచి, మధ్య ఈనెను వెనక వైపు నుంచి కత్తితో చదునుగా చెక్కేయండి. లోపల క్యారెట్, గింజ తీసిన కీర దోస, గట్టిగా ఉన్న మామిడిపండు ముక్కలు, పుదీనా. థాయ్ బేసిల్ దొరకకపోతే సబ్జా గింజలు చల్లితే మొలిచే మొక్క ఆకు వేయండి, అది దాని చుట్టమే. సాస్ లోపల వేయొద్దు, ముంచుకుని తినండి. ముంచుకోవడానికి: నిమ్మరసం 2, ఖర్జూరం ముద్ద 2, ఒరుగుల నీళ్లు 3, నీళ్లు 2 టేబుల్ స్పూన్లు, సన్నగా తరిగిన వెల్లుల్లి, మిర్చి.

ఇంకా సులువైనది మియాంగ్ ఖామ్. థాయ్ వాళ్ల కిళ్లీ అనుకోవచ్చు. వాళ్లు వాడే చాఫ్లూ ఆకు మన తమలపాకు జాతిదే, ఘాటు తక్కువ. కాబట్టి మనం అరచేతిలో సగం ఉండే లేత తమలపాకులే తీసుకోవాలి. ఆకును దోనెలా మడిచి కొబ్బరి తురుము, అల్లం, చిన్న ఉల్లిపాయ, తొక్కతో సహా తరిగిన నిమ్మ ముక్క, పల్లీలు, మిర్చి ఒక్కో చిటికెడు పెట్టి, పైన అల్లం కలిపిన చిక్కటి ఖర్జూరం ముద్ద ఒక చుక్క. మొత్తం ఒకేసారి నోట్లో వేసుకుని నమలాలి. నిమ్మ ముక్క సెనగ గింజ కన్నా పెద్దదైతే చేదొక్కటే మిగులుతుంది.

థాయ్ వాసన కోసం కఫీర్ నిమ్మాకు అడుగుతుంటారు. మజ్జిగలో వేసుకునే దబ్బాకు ఉందిగా. లేత ఆకు ఈనె తీసి వెంట్రుకల్లా తరిగి ఏ సాస్‌లోనైనా కలపండి. నిమ్మగడ్డి అయితే కింది తెల్లటి భాగం మాత్రమే, ఎంత సన్నగా తరిగితే అంత మంచిది, లేకపోతే పళ్ల సందుల్లో పీచే.

కిమ్చీ

కొరియా కిమ్చీలో చేప లేదా రొయ్యల ఊట, ఉడికించిన బియ్యప్పిండి గంజి ఉంటాయి. ఒకదాని బదులు ఒరుగుల నీళ్లు, రెండోదాని బదులు ఆపిల్ గుజ్జు. మిరప్పొడి రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండాలి. వరంగల్ చపాటా మిరప ఇందుకు చక్కగా సరిపోతుంది, బ్యాడగి అయినా సరే. గుంటూరు మిరప్పొడి ఇదే పాళ్లలో వేస్తే తినలేరు. పొడి బరకగా ఉండాలి.

కావలసినవి: చైనా క్యాబేజీ (లేదా మామూలు క్యాబేజీ) 1 కిలో, కల్లుప్పు 60 గ్రాములు, బరక మిరప్పొడి 35 గ్రాములు, ఆపిల్ లేదా బేరిపండు 100 గ్రాములు, వెల్లుల్లి 30, అల్లం 10 గ్రాములు, ఒరుగుల నీళ్లు 3 టేబుల్ స్పూన్లు, ముల్లంగి పోగులు 150 గ్రాములు, ఉల్లికాడలు 50 గ్రాములు.

1. క్యాబేజీ రెండంగుళాల ముక్కలు చేసి ఉప్పు పట్టించండి. రెండు గంటలు, అరగంటకోసారి కిందిది పైకి తిప్పుతూ. *సరిచూసుకోండి:* మందంగా ఉన్న తెల్ల ముక్కను వంచితే విరక్కుండా మడతపడాలి. మామూలు క్యాబేజీకి మూడు గంటలు పట్టొచ్చు.
2. మూడుసార్లు కడిగి చిల్లుల గిన్నెలో గంట వార్చండి. ముక్క తింటే మామూలు కూర కన్నా కాస్త ఉప్పగా ఉండాలి. చప్పగా ఉంటే కిలోకు 5–10 గ్రాముల ఉప్పు కలపండి. ఉప్పు తగ్గితే రెండో రోజుకే మెత్తబడి పాడైపోతుంది.
3. మిరప్పొడి, ఆపిల్, అల్లం, వెల్లుల్లి, ఒరుగుల నీళ్లు ముద్ద చేసి, తొడుగు వేసుకున్న చేత్తో అన్నిటికీ పట్టించండి.
4. సీసాలో గాలి లేకుండా అదిమి నింపండి, పైన మూడు వేళ్ల ఖాళీ వదలండి. అదిమేసరికి ఊట పైకి వచ్చి ముక్కలను ముంచాలి. రాకపోతే గంట ఆగి మళ్లీ అదమండి. అప్పటికీ రాకపోతే 100 మిల్లీలీటర్ల నీళ్లలో 2 గ్రాముల ఉప్పు కరిగించి పోయండి.
5. సీసా కింద పళ్లెం పెట్టి నీడలో ఉంచండి. 30 డిగ్రీల గదిలో 24–36 గంటలు చాలు. కొరియా చలికాలపు లెక్క చూసి వారం వదిలేస్తే గుజ్జు అవుతుంది. రోజుకు రెండుసార్లు మూత వదులు చేసి గ్యాస్ పోనివ్వండి, శుభ్రమైన చెంచాతో అదమండి.
6. బుడగలు, పుల్లటి వాసన, నాలుక మీద పులుపు, మూడూ తెలిశాక ఫ్రిజ్‌లోకి. పులుపు కొలిచే పీహెచ్ కాగితం ఉంటే 4.6 కన్నా తక్కువ చూపాలి, పండిన కిమ్చీ 4.2 చుట్టూ ఉంటుంది.

ఆవకాయ అలవాటుతో పైన నూనె పోయకండి. ఆవకాయ నిలిచేది ఉప్పు, నూనె, ఆవపిండి బలంతో, కిమ్చీని కాపాడేది బాక్టీరియా తయారుచేసే పులుపు. పైన పలుచటి తెల్లపొర వస్తే తీసేసి, ముక్కలు ఊటలోకి తోసి, త్వరగా తినేయండి. నూగులా లేచిన ఆకుపచ్చ, నలుపు, గులాబీ బూజు కనిపిస్తే పైది తీసి కిందిది దాచుకోవద్దు. సీసాడూ పారేయాల్సిందే.

ఏది ఎంతసేపు నిలుస్తుంది

పాడ్ థాయ్ సాస్ ఫ్రిజ్‌లో మూడు రోజులు. పోగులు ఉప్పు రాయకుండా పొడి గుడ్డలో చుట్టి ఒక రోజు. కలిపిన పాడ్ థాయ్, సోమ్ తామ్ అసలు నిలవవు. ఆఫీసుకు పట్టుకెళ్లాలంటే పిండిన నూడుల్స్ ఒక డబ్బాలో, సాస్ ఇంకో డబ్బాలో, పల్లీలు పొట్లంలో తీసుకెళ్లి, అక్కడ ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు కలుపుకోండి. కిమ్చీ ఫ్రిజ్‌లో నెల దాటినా ఉంటుంది, రోజురోజుకూ పుల్లబడుతూ.

పూర్తిగా ఈ తిండి మీదే ఉండదలచుకుంటే విటమిన్ బి12 మాత్ర తప్పదు. నాచులో, స్పిరులినాలో దొరుకుతుందన్న మాట నమ్ముకోవద్దు. మోతాదు మీ డాక్టరును అడగండి.